పై రంగు ముందు

మా మామ తిమ్మయ్యశెట్టి కోపం హిందూపురం బజారంతటికీ తెలుసు. మా అత్త భానుమతికి కోపం వస్తుందన్న సంగతి మాత్రం పోయిన ఎండాకాలం దాకా ఆ ఇంట్లో ఉండే మాకే తెలియదు.

చింతపండు సీజను అది. అంగడి ముందు బస్తాలు దిగుతూనే ఉండేవి. ఇల్లంతా పులుపు వాసన. మామ పగలంతా అంగట్లో కూర్చుని, ఎండ కాస్త వాలగానే చొక్కా మార్చుకుని క్లబ్బుకు పోయేవాడు. అక్కడ తక్కినవాళ్లంతా రమ్మీ ఆడతారు. ఒక మూల టేబుల్ దగ్గర మాత్రం బ్రిడ్జి. ఆ మూలకు మామే పెద్ద, క్లబ్బుకు కార్యదర్శి కూడా. నా భర్త బాలాజీ ఆయనకు ఎదురుగా కూర్చునే జత.

బ్రిడ్జి తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. నలుగురు ఆడతారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జత. తలా పదమూడు ముక్కలు. ఒక్క ముక్క కూడా కింద పడకముందే, మార్కెట్ యార్డులో వేలం నడిచినట్టు పాట నడుస్తుంది. ఏ రంగును తురుపుగా పెట్టుకుని ఎన్ని పట్లు తీస్తామో పాడాలి. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు, పెద్ద ముక్క వేసినవాళ్లకు అది దక్కుతుంది. రంగుల్లో ఇస్పేటు అన్నిటికన్నా పైది. తర్వాత ఆఠీను, దాని కింద డైమను, అడుగున కళావరు. మన చేతిలో ఏముందో జతకు నోటితో చెప్పకూడదు, కళ్లతో సైగ చేయకూడదు. ఆ పాటను బట్టే వాళ్లు ఊహించుకోవాలి. అందుకే మొదటి పాట ఏది పాడతామన్న దాంట్లోనే సగం ఆట ఉంటుంది.

మామ క్లబ్బు నుంచి వచ్చి భోజనానికి కూర్చోగానే ఆరోజు పడిన ముక్కలు చెప్పడం మొదలుపెట్టేవాడు.

"ఏమ్మే, ఇస్పేటు ఆరుండాయి, రాజు లేడు. అవతలి జతోడు మూడు ఆఠీను పాడినాడు. నేనేం చెప్పల్ల?"

అత్త చారు వడ్డిస్తూనే అడిగేది. "బాలాజీ ముందు ఏం పాడినాడు?"

"పాస్ అన్నాడు."

"అట్లయితే మీరూ పాస్ అనండి. పాడినన్ని పట్లు తీయలేక వాళ్లే మునుగుతారు."

మరుసటిరోజు అలాంటి చెయ్యే పడితే మామ పాస్ అనేవాడు. అవతలి జత మునిగేది. క్లబ్బులో దానికి 'శెట్టి లెక్క' అని పేరు. బాలాజీ ఇంటికొచ్చి, "ఈపొద్దు నాయన అదరగొట్టినాడు" అని నాకే చెప్పేవాడు.

నాకు ఒళ్లు మండేది. "అత్తా, అది మీరు చెప్పిందే గదా?" అంటే, ఆమె కంచాలు ఎత్తుతూ, "ఎవురు చెప్తే ఏంలే, ఆట సరిగ్గా ఆడినారు" అనేది. ఆ మాట ఆమె మనసులోంచే వచ్చేది. అదే నాకు ఇంకా మంట.

అత్తది ధర్మవరం. వాళ్ల నాయనకు నలుగురు ఆడపిల్లలు. నలుగురుంటే ఒక టేబుల్ నిండుతుందని ఆయనే కూర్చోబెట్టి నేర్పించాడట. పెళ్లయి ఇక్కడికి వచ్చాక, నేను కోడలిగా వచ్చేదాకా ఆమె ముక్కలు పట్టుకున్నది లేదు. మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకున్నాక నన్ను చాపమీద కూర్చోబెట్టుకుని నాలుగు చేతులూ పంచేది. నాలుగు చేతులూ మేమిద్దరమే ఆడేవాళ్లం. పంచేటప్పుడు ఆమె వేళ్లు చూడాలి. చీరకొంగు నడుములో దోపుకుని, కళ్లజోడు సర్దుకుని కూర్చుంటే వేరే మనిషిలాగా ఉండేది.

ఒక్క విషయంలో మాత్రం మామ ఆమె మాట చెవిన వేసుకునేవాడు కాదు. రెండు రంగులు ఐదేసి ముక్కలు చేతికొస్తే ముందు ఏది పాడాలి? ఏ రంగులో ఆసు, రాజు, రాణి లాంటి పెద్ద ముక్కలుంటే అది పాడాలని మామ అంటాడు. అత్త ఒప్పుకోదు.

"పెద్ద ముక్కలు యాడున్నా వాటి పని అవి చేస్తాయి. మీరు పై రంగు ముందు చెప్పండి. కింది రంగు తర్వాత చెప్తే, ఎదురుగా ఉన్నోడు అదే మెట్టు మీద నిలబడి రెండిట్లో ఒకటి ఏరుకుంటాడు. కింది రంగు ముందు చెప్పి పై రంగు తర్వాత చెప్తే, వాడు మొదటిదానికి రావల్లంటే ఇంకో పట్టు ఎక్కువ పాడి, ఇంకో మెట్టు ఎక్కల్ల. ఎక్కినాక పడేది మీ జతే."

"అంటే, బలం లేని ఇస్పేటు పాడి కొంప ముంచుకోమంటావా?"

"ఐదుండాయి అని చెప్పమంటాండా. బలముండాదని చెప్పమనలేదు."

"నీకు తెలీదులే. క్లబ్బులో కూర్చున్నదానివా ఏమన్నానా?" అని మామ చెయ్యి కడుక్కునేవాడు. సంభాషణ ప్రతిసారీ అక్కడే తెగేది.

అలా ఉండగా పెనుకొండలో పోటీలు పెడుతున్నారని తెలిసింది. ధర్మవరం వాళ్లకూ హిందూపురం వాళ్లకూ మధ్యలో ఉంటుందని పెనుకొండ. నడిపేది ధర్మవరం నల్లప్ప. రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయిన మనిషి. జతలు చాలక, ఎవరైనా రావచ్చని ఆయన అందరి ఫోన్లకూ కబురు పెట్టాడు. మామ దాన్ని గట్టిగా చదివి, "ఎవురైనా అంట. రేపు కూరగాయలమ్మేవాళ్లు గూడా వస్తారు" అని నవ్వాడు.

అత్త పూలు కడుతోంది. దారం తెంపి, "వాసవీ, మనిద్దరం పోదామా?" అంది.

మామ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె మళ్లీ అడిగేసరికి ఆగాడు.

"ఏమి మాటలివి? ఆడోళ్లు పేకాడేదానికి ఊరు దాటి పోతే నేను బజారులో మొఖం యాడ పెట్టుకోవల్ల?"

"మీరు ఇన్నేండ్లుగా ఆడేది పేకాటే గదా. మీ మొఖం బాగానే ఉండాది."

"నేను మొగోన్ని."

"నేను నేర్చుకుంది మీ ఇంటికి రాకముందే" అంది అత్త. గొంతు ఏమాత్రం పెరగలేదు.

మరుసటిరోజు మధ్యాహ్నం అలమరలో పేకలు లేవు. ఇంట్లో ఉన్న రెండు పేకలూ మామ అంగడికి తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశాడు. చింతపండు లెక్కల పక్కన! నేను నేరుగా అంగడికి పోయాను. బాలాజీ గుమస్తాతో మాట్లాడుతున్నాడు.

"తాళంచెవి ఇయ్యి" అన్నాను.

"నాయన దగ్గరుండాది."

"నువ్వు అడుగు."

అతను గుమస్తా వైపు చూశాడు, నా వైపు చూశాడు. "పోనీలే వాసవీ, యాడనో ఆడి ఏం సాధించల్ల? ఇంట్లో ఆడుకుంటాండారు గదా" అన్నాడు.

"ఇంట్లోనూ ఆడనియ్యకుండానే గదా ఈడ దాచింది!" అని అరిచాను. బస్తాలు మోసేవాళ్లు ఆగి చూశారు. నాకు సిగ్గనిపించలేదు. వీధి చివర ఫ్యాన్సీ స్టోర్‌లో కొత్త పేక కొన్నాను. అది మరీ నున్నగా ఉంది. పంచితే చాపమీంచి జారిపోయేది. అత్త జారినవి ఏరుకుంటూ ఆడింది గానీ ఆపలేదు.

పోటీరోజు మామా, బాలాజీ కారులో పోయారు. మమ్మల్ని రమ్మనలేదు. మేము రైలెక్కాం.

పెనుకొండలో ఆట ఒక కల్యాణమండపంలో. గడపలో కూర్చున్న మనిషి మమ్మల్ని చూసి లేచి, ఎంతో మర్యాదగా, "ఆడోళ్లు కూర్చునేది ఆ పక్కనమ్మా. కూలర్ పెట్టించినాం. మీవాళ్ల ఆట అయినాక భోజనాలుండాయి" అన్నాడు.

"మా ఆటే ఉండాది" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. నల్లప్ప వచ్చాడు. పొట్టిగా, తెల్లటి మీసంతో, మెడలో ఈల వేలాడేసుకుని. అత్త పేరు అడిగి, ఆమె ఎవరో తెలియకుండానే, "ఏడో టేబులమ్మా" అన్నాడు. అంతే. ఆ రోజంతటిలో నాకు కోపం తెప్పించని మగమనిషి ఆయనొక్కడే.

మొదట్లో నా వేళ్లు చెమటకు ముక్కలకంటుకునేవి. ఒకటి రెండు చోట్ల తప్పు ముక్క వేశాను. అత్త ఏమీ అనలేదు. ఆట మధ్యలో జతను తప్పుపట్టకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. మధ్యాహ్నానికి మేము అడుగున లేము, నడిమధ్యలో ఉన్నాం. నల్లప్ప ఈల ఊది టేబుళ్లు మార్చాడు. తల ఎత్తితే మాకు పోటీ జత మామా, బాలాజీ.

మామ కుర్చీ లాక్కున్న చప్పుడుకే పక్కవాళ్లు తిరిగి చూశారు.

ముక్కలు తీసుకున్నాం. మొదటి పాట అత్తది. ఆమె ముక్కలు సర్దుకుని కాసేపు చూసి, "ఒక ఇస్పేటు" అంది. మామ "రెండు ఆఠీను" అన్నాడు. నా దగ్గర ఇస్పేటు ఆసుతో కలిపి మూడున్నాయి. పైగా కళావరులో ఆసు, రాజు. "రెండు ఇస్పేటు" అన్నాను. బాలాజీ పాస్ అన్నాడు. అత్త నాలుగు ఇస్పేటుకు పోయింది. అంటే ఆరుకు పైన నాలుగు, మొత్తం పది పట్లు తీయాలి. పాట తిరిగి బాలాజీ దాకా వచ్చింది. అతను తన ముక్కలను చూసుకున్నాడు. వాళ్లమ్మను చూశాడు. "డబుల్" అన్నాడు. మీరు తీయలేరు, తీయలేకపోతే రెట్టింపు కట్టండి అని దాని అర్థం.

తురుపులు ఎనిమిది మా ఇద్దరి దగ్గరున్నాయి. మిగతా ఐదూ అవతలి ఇద్దరికీ ఎంతోకొంత పంచుకుపోవాలి. పోలేదు. ఐదుకైదూ, రాణీ జాకీ పదితో సహా, బాలాజీ చేతిలోనే ఉన్నాయి. అత్త ఎంత జాగ్రత్తగా ఆడినా రెండు పట్లు తక్కువ పడ్డాయి.

మామ వంగి ఆమె ముందున్న ముక్కలను గుంజుకుని తిప్పి పరిచాడు. ఐదు ఇస్పేటు, రాజు ఒక్కటే పెద్దది. ఐదు డైమను, ఆసు, రాజు, రాణి, పది.

"చూడండప్పా! చూడండి!" అని లేచి నిలబడ్డాడు. "డైమను ఆసు రాజు రాణి చేతిలో పెట్టుకొని ఇస్పేటు పాడినాది ఈ మహాతల్లి! డైమను పాడింటే గట్టెక్కేది గదా? నలభై ఏండ్ల నుంచి చెప్తాండా, తలకెక్కితేనా? చారు కాచుకునేదానికి ఇస్పేటేంటికి, ఆఠీనేంటికి?"

హాలంతా నవ్వింది. కొందరు మొహమాటానికి, కొందరు నిజంగానే.

డైమను తురుపైతే గట్టెక్కేవాళ్లమన్నది నిజమే. ఆ ముక్కలు అలా పడ్డాయి కాబట్టి. కానీ ఐదు తురుపులూ ఒకే చేతిలో కూర్చుంటాయని పాడేటప్పుడు ఎవరికి తెలుసు? నల్లప్ప వచ్చి ముక్కలు చూసి, "పాట తప్పు కాదు శెట్టిగారూ. ఇట్ల పడేది యాడో ఒకసారి. నేనైనా ఇస్పేటే పాడేవాన్ని" అన్నాడు.

"మీరు గార్డు గదప్పా, బండి పోయినాక జెండా ఊపుతారు" అన్నాడు మామ. మళ్లీ నవ్వు.

నేను లేచాను. ఏమనబోయానో నాకే తెలియదు, ముక్కలు మామ మొహాన కొట్టేదాన్నేమో. అత్త టేబుల్ కింద నుంచి నా కొంగు పట్టి లాగింది.

"ఈ టేబుల్‌లో ఇంకో ఆట ఉండాది. ముక్కలు తీసుకో" అంది. తన ముక్కలు రంగుల వారీగా సర్దుకుంది. మెడ మాత్రం కుంకుమలాగా ఎర్రబడింది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేనే ఆగలేక, "మీ పాట కరెక్టే గదా అత్తా?" అన్నాను.

"కరెక్టే."

"మరి ఆడనే చెప్పకపోతిరే?"

"ఓడిన చేత్తో ఏం చెప్పేది?" అంది.

ఇంటికొచ్చాక నేను బాలాజీని పట్టుకున్నాను. "ఆ పాట తప్పు కాదని నీకు తెలుసు గదా?"

"తెలుసు."

"మీ నాయన అన్ని మాటలంటుంటే నోరు యాడ పెట్టినావు?"

"నాయనతో ఎవురు వాదిస్తారు చెప్పు?" అన్నాడు. ఆ 'ఎవరు'లో తను లేనట్టు.

తర్వాత వారాలు ఎలా గడిచాయో చెప్పాలంటే ఇప్పటికీ పళ్లు నూరుకోవాల్సి వస్తుంది. మామ ఆ కథను క్లబ్బులో చెప్పాడు, మార్కెట్ యార్డులో చెప్పాడు, గోరంట్ల నుంచి చింతపండు వేసుకొచ్చిన రైతులకు కూడా చెప్పాడు. బ్రిడ్జి అంటే ఏమిటో తెలియని మనుషులు 'భానుమతమ్మ ఇస్పేటు' అని నవ్వుకున్నారు. ఒకరోజు నేను అంగట్లో ఉండగానే, సరుకు ఎక్కువ ధరకు పాడుకుని నష్టపోయిన వ్యాపారి ఒకడు, "నాది గూడా మీ అత్త ఇస్పేటు అయిపోయిందమ్మా" అన్నాడు. తరాజు మీదున్న రాయి తీసి గట్టిగా బల్లమీద పెట్టాను. అతను మిగతా నవ్వు మింగేశాడు.

ఇంట్లో మాత్రం పైకి ఏమీ మారలేదు. అత్త ఎప్పటిలాగే వండింది, వడ్డించింది, పూలు కట్టింది. పెనుకొండ నుంచి వచ్చిన మూడో రోజో నాలుగో రోజో మామ భోజనానికి కూర్చుని ఎప్పటిలాగే మొదలుపెట్టాడు.

"ఏమ్మే, ఈపొద్దు నాకు ఏడు కళావరు పడినాయి. బాలాజీ ఒక ఆఠీను పాడినాడు. నేనేం చెప్పల్ల?"

అత్త అన్నం వడ్డిస్తోంది.

"నిన్నే."

"మీ చేతిలో ఉండేది మీరే చెప్పండి" అంది అత్త. నెయ్యి వేసి, నా కంచం వైపు తిరిగింది.

మామ అది హాస్యమనుకున్నాడు. మరుసటిరోజు మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు, అదే గొంతుతో. నాలుగోసారికి కంచం తోసేశాడు. అన్నం మెతుకులు గచ్చు మీద పడ్డాయి. అత్త వాటివైపు చూసి, ఎత్తకుండా, తన కంచం తెచ్చుకుని మా పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఆయన తినకముందు ఆమె తినడం ఆ ఇంట్లో నేను చూడటం అదే మొదలు. బాలాజీ ముద్ద నోటి దగ్గర ఆపి చూశాడు. ఆ మెతుకులు చివరికి అతనే ఎత్తాడు.

మామ నన్ను కూడా అడిగి చూశాడు. మేడమీద బట్టలారేస్తుంటే వచ్చి, ఎండను తిట్టుకుని, నీళ్ల ట్యాంకర్ సంగతి మాట్లాడి, చివరికి, "మీ అత్త నీకు నేర్పించింటాది గదా, ఆఠీను ఆరు, కళావరు నాలుగుంటే..." అన్నాడు.

"నేను క్లబ్బులో కూర్చున్నదాన్నా మామా? నాకేం తెలుసు?" అన్నాను. ఆయన మెట్లు దిగిపోతుంటే జాలి కలగాలి. కలగలేదు.

శెట్టి లెక్కలు తప్పసాగాయి. మూల టేబుల్ దగ్గర మామ వరసగా మునుగుతున్నాడని బాలాజీ చెప్పేవాడు. ఓడిన కొద్దీ బాలాజీని తిట్టేవాడట. తిట్లు తిన్న బాలాజీ ఇంటికొచ్చి మంచం మీద బోర్లా పడుకునేవాడు. "అమ్మను ఒక్క మాట చెప్పమనరాదా?" అని ఒకరోజు నన్ను అడిగాడు.

"నువ్వు ఆపొద్దు ఒక్క మాట చెప్పింటే బాగుండేది" అన్నాను.

మొదటి వానలు పడి, చింతపండు బండ్లు తగ్గిన రోజుల్లో నల్లప్ప మళ్లీ కబురు పెట్టాడు. ఈసారి ధర్మవరంలో. అత్త ఎవరినీ అడగలేదు. బీరువాలోంచి మంచి పట్టుచీర తీసి, పెట్టెలో పెట్టి, "పుట్టింటి ఊరికి పోతాండాం, బాగుండల్ల గదా" అంది. మామ వరండాలో పేపరు చదువుతూ విన్నాడు. వద్దనలేదు. వద్దంటే ఆగదని అప్పటికి తెలిసిపోయింది.

ధర్మవరంలో హాలు పెద్దది. పదహారు టేబుళ్లు. వాన వల్ల గాలి చల్లగా ఉంది. మా ఆట ఆరోజు కుదురుగా సాగింది. నేను భయపడటం మానేశాను. మా పక్క టేబుల్‌లోనే మామా, బాలాజీ. వాళ్లకు పోటీగా పెనుకొండ నుంచి వచ్చిన మనోజ్ అనే కాలేజీ లెక్చరర్, అతని స్నేహితుడు.

మేము మా ఆట ముగించి ముక్కలు సర్దుతున్నాం. పక్కన ఇంకా నడుస్తోంది. మామ "ఒక ఆఠీను" అనడం విన్నాను. ఆ తర్వాత పాట ఆయన దగ్గరకు తిరిగొచ్చినప్పుడు కళావరు పాడాడు. బాలాజీ ఆఠీనుకు తిరిగొచ్చాడు. చివరికి నాలుగు ఆఠీను. ఆడారు. తీశారు. పది పట్లూ వచ్చాయి.

మనోజ్ మామ ముక్కలు తిప్పి చూసి నోరు తెరిచాడు. "ఏం సార్ ఇది! కళావరు ఆసు, రాజు, రాణి పెట్టుకొని ఆఠీను పాడినారే! ఆఠీను ఐదున్నా పెద్దది ఒక్క జాకీనే ఉండాది. ఎంత ధైర్యం సార్!"

మామ వెనక్కి వాలాడు. ఇన్ని వారాల తర్వాత ఆయన మొహంలో ఆ వెలుగు చూశాను.

"పెద్ద ముక్కలు చూసి మోసపోయేది పిల్లకాయలప్పా. రెండు రంగులు ఐదేసి ఉంటే పై రంగు ముందు చెప్పల్ల. అప్పుడే ఎదురుగా ఉన్నోడు మెట్టు ఎక్కకుండా ఏరుకుంటాడు. నలభై ఏండ్ల నుంచి ఇదే నా పద్ధతి."

మనోజ్ తల ఊపుతున్నాడు. అతని స్నేహితుడు ఫోన్‌లో రాసుకుంటున్నాడు. బాలాజీ టేబుల్ గుడ్డ వైపు చూస్తున్నాడు.

నేను అత్త వైపు చూశాను. ఆమె లెక్క రాసుకున్న పెన్నుకు మూత పెట్టింది. అంతే.

"అది మా అత్త పద్ధతి" అన్నాను.

నా గొంతు అనుకున్నంత రాలేదు. మామ విననట్టే కూర్చున్నాడు. మనోజ్ మాత్రం తిరిగాడు. "ఏమన్నారు మేడమ్?"

"ఆ మాట చెప్పింది మా అత్త. ఈమె. భానుమతి. పెనుకొండలో అట్లే పాడిందని ఈయనే నిలబెట్టి నవ్వించినాడు. శెట్టి లెక్కలని మీరు చెప్పుకునేవన్నీ మా వంటింట్లో ఈమె చెప్పినవే."

"వాసవీ!" అన్నాడు మామ. అంగట్లో కూలీలను అదిలించే గొంతు అది. "ఇంటి మాటలు ఈడేంటికి? కూర్చో!"

నల్లప్ప దూరంగా ఏదో రాసుకుంటూ ఆగిపోయాడు. అత్త నా చెయ్యి పట్టి కూర్చోబెడుతుందనుకున్నాను.

ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "ఇంకోసారి గట్టిగా చెప్పు వాసవీ. ఆ మూల టేబుల్ వాళ్లకు వినపడినట్టు లేదు" అంది.

చెప్పాను. ఈసారి గొంతు వచ్చింది. పదహారు టేబుళ్లకూ వినపడింది, వరండాలో టీ తాగుతున్నవాళ్లు కూడా తొంగి చూశారు. నల్లప్ప తన ఈలను పట్టుకున్నాడు గానీ ఊదలేదు. మనోజ్ అత్త వైపు తిరిగి, "మరి కళావరు, ఇస్పేటు ఐదేసి పడితే గూడా అంతేనా అమ్మా?" అని అడిగాడు. అత్త అతనికి కూర్చునే జవాబు చెప్పింది. చుట్టుపక్కల ముగ్గురు నలుగురు కుర్చీలు జరుపుకుని విన్నారు. బాలాజీ ఈసారి కూడా వాళ్లమ్మ తరఫున లేవలేదు. ఆ సంగతి నాకూ అతనికీ మధ్య ఇంకా తెగలేదు.

మేము నాలుగో స్థానంలో వచ్చాం. మామ ఎక్కడ వచ్చాడో నేను చూడలేదు.

సాయంత్రం వాన పెద్దదైంది. ఏదో వంక పొంగి రోడ్డు ఆపారని, కారు అక్కడే వదిలి మామా బాలాజీ కూడా స్టేషన్‌కు వచ్చారు. ప్లాట్‌ఫాం మీద రేకుల కింద నలుగురం నిలబడ్డాం. బాలాజీ టీ తెచ్చి ముందు వాళ్లమ్మకు ఇచ్చాడు. మామ అత్త దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించగలడని నేను ఎరగను.

"అంతమందిలో అనిపించల్లనా భానూ? ఇంట్లో చెప్పింటే నేను విననా?"

అత్త టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆయన వైపు సూటిగా చూసింది.

"మీరు 'నా పద్ధతి' అని చెప్పుకున్నది అంతమందిలోనే గదా" అంది.

రైలొచ్చింది. ఎక్కాం.